తుమ్మమొద్దు

చీటీ మీద ఇలా ఉంది:
"టేకు సైడ్‌బోర్డు. డెన్మార్క్. అరవై డాలర్లు."
లాన్‌సెస్టన్‌లో శనివారం,
చర్చి వెనక పాత సామాన్ల షెడ్డు, రేకుల మీద సన్నటి వాన.
నా బస్సు డ్యూటీ రెండింటికి.
ఒక చెట్టు పేరు తేల్చడానికి గంటన్నర ఉంది.

బెరిల్ టినింగ్ ఆ చీటీ చదవనే లేదు.
"పడుకోబెట్టు" అంది పశువుల డాక్టరులా.
ముఖానికి అందరూ పాలిష్ పెడతారు,
వీపుకి ఎవరూ పెట్టరు,
నిజం కావాలంటే అడగాల్సింది వీపునే.

బోర్లా వేశాం.
ఒక హెయిర్‌పిన్ను, కంగారూ బొమ్మున్న చెల్లని పెన్నీ
దొర్లి నా బూటు దగ్గర ఆగాయి.

డ్రాయరు లాగి అంచు చూడమంది.
పైన పరుగెత్తే గీత అంచు దాటి కిందికి దిగిందా,
అంచు దగ్గరే తెగిందా?
తెగితే అది తొడుగు, కాగితమంత పొర,
లోపలున్నది వేరెవరో.
ఇక్కడ గీత దిగింది,
తొణక్కుండా మలుపు తిరిగిన బస్సులా.

"వాసన చూడు."
టేకైతే అరచేతికి జిడ్డు తగలాలి,
పాత తోలుచెప్పు వాసన రావాలి.
ఇది పొడిగా ఉంది. ముక్కుతో మాట్లాడలేదు.

డ్రాయరు పక్కలు?
"టాస్మేనియన్ ఓక్" అని తనే నవ్వింది.
"ఓకూ కాదు పాడూ కాదు.
ఓడ దిగినవాళ్ళకి చెట్లు ఎక్కువయ్యాయి, పేర్లు చాలలేదు.
కనబడిన దానికల్లా ఇంటి దగ్గరి పేరు తగిలించారు.
ఇక్కడివాళ్ళు అంతకుముందే పిలుచుకున్న పేర్లు
ఏ చీటీ మీదికీ ఎక్కలేదు."
షెడ్డు బయట దాని చుట్టాన్ని చూపించింది:
కొడవలి ఆకులు, నలిపితే జలుబుమందు వాసన.
"జామాయిల్!" అన్నాను.
సత్తుపల్లి రోడ్డు మీద లారీలెక్కి
కాగితం మిల్లుకి పోయేదే,
ఇక్కడ ఓక్ అని చెప్పుకుని
ఎవరి టేబుల్ గుడ్డలో అరవయ్యేళ్ళు మోసింది.

ఇక అసలు కర్ర.
బెరిల్ బొటనవేలు తడి చేసి రుద్దింది.
రూపాయంత చోటులో
వానకి తడిసిన గుర్రం వీపు లేచింది,
ఎరుపు, తేనె, వాటి అడుగున నలుపు.
నేను తల అటు తిప్పితే గీతలు ఇటు నడిచాయి.
"బ్లాక్‌వుడ్. స్మిత్‌టన్ కోతమిల్లులో మా నాన్న
రెండు వేళ్ళు దీనికే ఇచ్చుకున్నాడు."
ఏ జాతి అని అడిగాను.
"అకేషా."

అంటే, తుమ్మ.

ఐదో తరగతిలో పదమూడో ఎక్కం దగ్గర ఆగిపోతే
కోటిలింగం మాస్టారు బెంచీ ఎక్కించి అన్న మాట
తుమ్మమొద్దు.
నా రంగుని కూడా కలిపి అన్నారని
తెలియడానికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది.
మా దగ్గర తుమ్మంటే బండిచక్రానికి, నాగలికి,
మిగిలింది పొయ్యికి.
హాల్లో గాజుగ్లాసులు పెట్టుకోవడానికి
దాన్ని నిలబెట్టిన ఇల్లు నేను చూడలేదు.

బెరిల్‌కి ఇదేం చెప్పలేదు.
చేవ ఉన్న వైపు చెయ్యి ఆన్చి కాసేపుంచాను.
చల్లగా ఉంది.

కాళ్ళు మూడు అదే కర్ర.
నాలుగోది తేలిక. గీత లేదు, రంగు పూసి కలిపేశారు.
బెరిల్ భూతద్దం పెట్టింది, గోటితో గీకింది,
మోకాళ్ళ మీద కూర్చుని వాసన చూసింది.
"తెలీదు" అంది.
నలభయ్యేళ్ళ పనితనం ఆ మాటని
ఎంత తేలిగ్గా కింద పెట్టిందో.

చీటీ చింపి కొత్తది నన్నే రాయమంది:
"టేకు కాదు. ఇక్కడిదే. బ్లాక్‌వుడ్.
డ్రాయర్లు, ఓక్ అనబడే జామాయిల్.
ఒక కాలు ఎవరిదో తెలియదు, బరువు మాత్రం మోస్తోంది."
ధర దగ్గర పెన్ను ఆగింది.

గోడ మీద రెండుకి ఇరవై నిమిషాలు తక్కువ.
బెరిల్ నన్ను చూసింది, దాన్ని చూసింది.
"బస్సులో పడుతుందా?" అంది.